ఖాళీ సమయంలో చేసే పనేనా?

(స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ సంస్థల్లో చాలావాటికి ఈపాటికి ఒక వెబ్‌సైటు ఉండే ఉంటుంది. కరపత్రాల అడుగున, వార్షిక నివేదికల అట్ట మీద దాని చిరునామా అచ్చువేస్తున్నాం. ఆ సైటును ఎవరు తయారుచేశారు, ఎన్ని గంటలు పనిచేశారు, ఎంత ఇచ్చాం, ఎప్పుడిచ్చాం అని అడిగితే మనలో ఎంతమందిమి చెప్పగలం? కరపత్రం అడుగున ప్రెస్సు పేరు ఉంటుంది. సైటు తయారుచేసిన మనిషి పేరు మాత్రం చాలాచోట్ల ఎక్కడా కనిపించదు.

ఈ రోజు అలాంటి ఒక మనిషి పని గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఆమె కాకినాడలో ఉంటుంది. ఎమ్.సి.ఎ. చదివింది. హైదరాబాదులో ఒక కంపెనీలో మూడేళ్లు ఉద్యోగం చేసింది. కాన్పు తర్వాత మానేసింది. ఇప్పుడు ఇంటి నుంచే, పనికింత అని మాట్లాడుకుని, వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. దీన్ని ఫ్రీలాన్సు పని అంటున్నారు. ఆమె కోరిక మీద పేరు చెప్పడం లేదు. పేరు బయటికి వస్తే మళ్లీ పని ఇవ్వరేమోనని ఆమె భయం. ఈ భయం కూడా మన చర్చలో భాగమే.

ఇంటిదగ్గర చేసే శ్రమను చదవడం సామాజిక శాస్త్రంలో నాకున్న ఆసక్తి. బీడీలు చుట్టే వాళ్ల గురించి, లేసు అల్లే వాళ్ల గురించి స్త్రీల ఉద్యమం చాలా మాట్లాడింది. కంప్యూటరు ముందు కూర్చున్న ఈ స్త్రీ గురించి అంతగా మాట్లాడలేదు. ఆమె చదువుకుంది, సంపాదిస్తోంది, ఇంక ఆమెకేం సమస్య అనుకుంటాం. ఆమె ఏం చేస్తుందో, ఎలా నేర్చుకుందో, ఎవర్ని చూసి నేర్చుకుందో వివరంగా చూస్తే, ఆమె హక్కుల ప్రశ్న ఎక్కడుందో మనకు తెలుస్తుంది.

ఆమె చేసిన పనులు

మొదట ఆమె ఒక చీరల వ్యాపారికి సైటు చేసింది. ఆయన ఇచ్చిన ఫొటోలు ఒక్కొక్కటీ చాలా బరువు. అలాగే పెడితే తక్కువ ధర ఫోనులో పేజీ తెరుచుకునేసరికి చూసేవాళ్ల ఓపిక అయిపోతుంది. ఒక్కో ఫొటోను బరువు తగ్గించి, రంగు చెడకుండా సరిచేసి పెట్టింది. వ్యాపారికి కనిపించింది ఫొటోలు మాత్రమే. వాటి వెనక గడిచిన రాత్రులు కనిపించలేదు.

తర్వాత ఇంట్లో హింసకు గురయ్యే స్త్రీలకు సాయం చేసే ఒక కేంద్రానికి చేసింది. ఈ పని గురించి ఆమె చెప్పిన సంగతులు మనం శ్రద్ధగా వినాలి. ఆ సైటును తెరిచే స్త్రీ చేతిలో ఉన్న ఫోను ఆమెది కాకపోవచ్చు. పక్కగదిలో భర్త ఉండవచ్చు. అందుకని ప్రతి పేజీ పైభాగాన, వేలికి సులువుగా అందేలా ఒక బొత్తాం పెట్టింది. దాన్ని నొక్కితే ఆ పేజీ పోయి వాతావరణ వార్తలు వస్తాయి. ఇతర దేశాల్లోని సహాయ కేంద్రాల సైట్లలో ఇలాంటి బొత్తాం చూసి నేర్చుకుంది. అయితే బొత్తాం నొక్కినంత మాత్రాన, ఆ పేజీ చూసినట్టు ఫోనులో మిగిలే జాడ చెరిగిపోదు. ఆ మాట దాచకుండా, జాడ ఎలా తుడుచుకోవాలో తెలుగులో నాలుగు వాక్యాల్లో రాసిపెట్టింది. 181 హెల్ప్‌లైను అంకెను తాకితే చాలు ఫోను కలిసేలా చేసింది. ఫిర్యాదు పత్రంలో ఇంటి చిరునామా తప్పనిసరిగా రాయాలని కేంద్రం వాళ్లు అంటే, వద్దని వాదించి తీయించింది.

ఇక్కడొక ప్రశ్న. ఇది కంప్యూటరు పనా, స్త్రీల ఉద్యమం పనా? గృహహింస నిరోధక చట్టం 2005లో వచ్చింది. ఆ చట్టం ఒక స్త్రీకి చేరువ కావడానికి ఇప్పుడు ఇలాంటి బొత్తాములు కూడా కావాలి. వాటిని ఆలోచించి పెట్టిన మనిషిని మన కార్యకర్తగా లెక్కించం. “సైటు పెట్టిన అమ్మాయి” అంటాం.

మూడో పని వికలాంగుల హక్కుల కోసం పనిచేసే ఒక సంఘానిది. చూపు లేనివాళ్లు తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్టువేరు సాయంతో సైట్లు వాడతారు. బొమ్మకు మాటల్లో వివరణ రాయకపోతే ఆ సాఫ్టువేరుకు అక్కడేముందో తెలియదు. తెలుగు రాతను ఫొటోగా పెడితే అసలే చదవలేదు. మన సంస్థల్లో చాలామంది ఇప్పటికీ సభల కరపత్రాన్ని బొమ్మగా తీసి సైటులో పెట్టేస్తున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందేలా ఉండాలని చెబుతోంది. డిజిటల్ సేవలను అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రాకముందే ఆమె కళ్లు మూసుకుని, ఆ సాఫ్టువేరు గొంతును మాత్రమే వింటూ, తను తయారుచేసిన ప్రతి పేజీనీ పరీక్షించింది. ఆ గంటలకు ఎవరూ డబ్బు కట్టలేదు.

తెలుగు సైటు చేయడంలో ఇంకొక కష్టం ఉంది. మనం ఆమెకు ఇచ్చే మేటరు తరచు పాత డి.టి.పి. ఫాంట్లలో ఉంటుంది. దాన్ని తీసుకెళ్లి సైటులో వేస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడులోకి మార్చాలి. మార్చాక వత్తులు, పొల్లులు, సున్నాలు చెదిరిపోతాయి. మాట మాటా సరిచూడాలి. ఇంగ్లీషుకు సరిపోయే వరసల ఎడం తెలుగుకు చాలదు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. ఎడం పెంచితే పేజీ కొలతలన్నీ మారతాయి. “ఫాంటు మార్చి పంపమ్మా, అయిదు నిమిషాల పని” అని సంస్థ వాళ్లు అన్నదానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

ఒక సంస్థ సైటు లెక్క ఆమె నాకు చూపించింది. ఒప్పుకున్నది 18,000 రూపాయలు. అయిదు పేజీలు, 60 గంటలు అని అంచనా వేసుకుంది. ఫాంట్లు మార్చడం, మళ్లీ మళ్లీ వచ్చిన సవరణలు, ఫోనులో మాట్లాడిన సమయం కలిపితే 110 గంటలు అయింది. అంటే గంటకు 163 రూపాయలు. అందులోంచి కరెంటు, ఇంటర్నెట్టు, కంప్యూటరు అరుగుదల పోవాలి. ముందు 6,000 ఇచ్చారు. మిగతాది ఏడు నెలలకు ఇచ్చారు. ఆ సంస్థ స్త్రీల శ్రమ మీద పనిచేసే సంస్థ.

నేర్చుకోవడం ఎవరికి వీలవుతుంది

ఆమె చదువులో చెప్పిన పాఠాలు ఇప్పటి పనికి కొద్దిగానే పనికొచ్చాయి. మిగతాదంతా తనే నేర్చుకుంది. ఇలాంటి వాళ్లను చూసి మనం “స్వయంకృషి” అని మెచ్చుకుంటాం. ఆ మాట వెనక రెండు విషయాలు మరుగున పడతాయి.

మొదటిది, ఆమె ఒంటరిగా నేర్చుకోలేదు. వెబ్బును 1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించింది సెర్న్ అనే ప్రభుత్వాల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థలో. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ వెబ్ సాఫ్టువేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. వెబ్ పేజీ వెనకున్న కోడును చూపించమని బ్రౌజరును అడగవచ్చు. కాకినాడలో ఉన్న ఆమె ఎక్కడో ఎవరో రాసిన పేజీని తెరిచి, దాని వెనక అల్లికను చూసి, విప్పి, మళ్లీ అల్లి నేర్చుకుంది. సందేహం వస్తే అపరిచితులు జవాబు రాసిపెట్టి ఉన్నారు. ఇది ఉమ్మడి ఆస్తి. ఊరి చెరువు లాంటిది. చెరువును తవ్వినవాళ్లు ఉన్నారు కాబట్టే ఇవాళ ఆమె నీళ్లు తోడుకోగలిగింది. ఆమె కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ప్రజల సొమ్ముతో, అందరికీ తెరిచిపెట్టిన జ్ఞానంతో ఒక స్త్రీ ఎంత ముందుకు రాగలదో చెప్పడానికే అంటున్నాను.

రెండోది, చెరువు అందరిదీ అయినా గట్టు మీదికి రావడానికి అందరికీ తీరిక లేదు. మనకు అందుబాటులో ఉన్న లెక్కలు చూడండి. 2024లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసినవాళ్లలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పని మీద గడిపారు. స్త్రీకి దాదాపు అయిదు గంటలు, మగవాడికి గంటన్నర. మా ఈ మిత్రురాలు రాత్రి పదికి గిన్నెలు కడిగి, పిల్లను పడుకోబెట్టి, ఒంటిగంట దాకా నేర్చుకుంది. ఈ రంగంలో నేర్చుకున్నది నిలవదు కూడా. పేజీలో అరలు అమర్చే ‘గ్రిడ్’ పద్ధతి 2017 మార్చిలో ప్రధాన బ్రౌజర్లలోకి వచ్చింది. అంతవరకూ కష్టపడి నేర్చిన కిటుకులు చాలావరకు పనికిరాకుండా పోయాయి. కంపెనీలో ఉన్న ఉద్యోగికి కొత్తది నేర్చుకునే సమయానికి కూడా జీతం వస్తుంది. ఈమె నిద్రలోంచి కోసుకుని నేర్చుకోవాలి.

గట్టు దాకా రాలేని వాళ్లు ఇంకా చాలామంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్టు వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. దేశం మొత్తం మీద 33.3 శాతం. ఈ సంఖ్యలు ఆ తర్వాత పెరిగే ఉంటాయి. అయినా వాడటం వేరు, సొంత కంప్యూటరు, తలుపు వేసుకోగల గది, ఇంగ్లీషు పాఠం చదవగల చదువు ఉండటం వేరు. కులం, వర్గం ఇక్కడే తమ పని చేసుకుపోతాయి. మా మిత్రురాలు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. మొదటి రెండేళ్లు సగం సమయం కోడుకు, సగం సమయం ఇంగ్లీషుకు పోయిందని చెప్పింది.

ఎవర్ని చూసి

“మీకు ఈ పనిలో స్ఫూర్తి ఎవరు?” అని అడిగాను. పెద్ద కంపెనీల అధిపతుల పేర్లు చెబుతుందనుకున్నాను. ఆమె ముందు ఆర్టీసీ బస్సు బోర్డు అంది. “దూరం నుంచి చదవాలండీ, కదులుతుండగా చదవాలి, చదువు తక్కువైనవాళ్లు కూడా గుర్తుపట్టాలి. నా పేజీ కూడా అలాగే ఉండాలి” అంది. డిజైను అంటే అలంకారం అనుకునే వాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు ఉండదు.

తర్వాత సూసన్ కేర్ పేరు చెప్పింది. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటరు తెర మీద చిన్న చిన్న బొమ్మ గుర్తులు గీసినామె ఆవిడే. చిత్రకళ చదువుకున్నామె, గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపి గీసింది. కంప్యూటరు భాష తెలియని మనిషి కూడా చెత్తబుట్ట బొమ్మను చూసి దాని పని గ్రహించగలిగింది. అలాగే రేచల్ ఆండ్రూ అనే బ్రిటిష్ డెవలపరు. ఇందాక చెప్పిన గ్రిడ్ పద్ధతిని ఎందరికో ఓపికగా నేర్పిన స్త్రీ.

ఈ పేర్లు విన్నాక నాకు చరిత్రలో ఇంకా వెనక్కి వెళ్లాలనిపించింది. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరును ప్రజల ముందు ప్రదర్శించారు. దాన్ని లెక్కలు చేసేలా నడిపించింది ఆరుగురు స్త్రీలు. కే మెక్‌నల్టీ, బెట్టీ జెనింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రం కట్టిన మగవాళ్లకు పేరొచ్చింది. ఈ ఆరుగురి పేర్లు బయటి ప్రపంచానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది. యంత్రం తయారుచేయడం మేధస్సు, దాన్ని నడిపించడం గుమాస్తా పని అని ఆనాడు అనుకున్నారు. ప్రోగ్రాములు రాయడానికి విలువ, జీతం పెరిగాక అది మగవాళ్ల పని అయింది. పని స్వభావాన్ని బట్టి దాని విలువ నిర్ణయమవుతుందని అనుకుంటాం. చాలాసార్లు చేసే మనిషిని బట్టి నిర్ణయమవుతుంది.

నర్సాపురం నుంచి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. “పనుందా అని ఎవరూ అడగరండీ, ఖాళీగా ఉన్నావా అని అడుగుతారు” అని ఆమె నాతో అంది. చుట్టాలూ అలాగే అడుగుతారు, పని ఇచ్చేవాళ్లూ అలాగే అడుగుతారు. ఈ ఒక్క మాట నన్ను పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురానికి తీసుకెళ్లింది.

జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు అల్లకందార్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ స్త్రీలు రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లేవారు. ఆ లేసు విదేశాలకు పోయేది. వ్యాపారులు, ఎగుమతిదారులు బాగుపడ్డారు. అల్లిన స్త్రీలను మాత్రం కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. వాళ్లు గృహిణులు. కూలి ఎంత తక్కువైనా “వేణ్నీళ్లకు చన్నీళ్లు” అన్నారు. గృహిణి అనే ముద్ర ఒక పెట్టుబడి సాధనంగా ఎలా పనిచేస్తుందో మీస్ చూపించింది. అది అర్థం చేసుకోవడానికి ప్రపంచంలోని స్త్రీవాదులంతా మన గోదావరి తీరపు ఊరి గురించి చదువుకున్నారు.

ఈ పోలిక మీద మీకు అభ్యంతరం రావచ్చు. లేసు అల్లే స్త్రీ పేదరాలు. ఈమెకు డిగ్రీ ఉంది, కంప్యూటరు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. నిజమే. ఇద్దరి జీవితాలూ ఒకటని నేననడం లేదు. కాని పని నిర్మాణం చూడండి. ఇద్దరూ ఇంట్లోనే పనిచేస్తారు. ఇద్దరికీ గంటలకు కాదు, ముక్కకింత అని కడతారు. పని సామగ్రి ఖర్చు ఇద్దరిమీదా పడుతుంది. పని లేని రోజుల భారం వాళ్లే మోస్తారు. చివరి కొనుగోలుదారు ఎవరో చాలాసార్లు తెలియదు. మా మిత్రురాలు రెండేళ్లు ఒక నగరంలోని ఏజెన్సీకి పనిచేసింది. ఆ సైట్లు ఏజెన్సీ పేరుతో పోయాయి. తన పనుల జాబితాలో చూపించుకోవడానికి కూడా వీల్లేదన్నారు. అంతర్జాతీయ వేదికల మీద పని వెతుక్కుంటే అక్కడ వేదిక వాటా వేరు. ఒక పెద్ద వేదిక పనిచేసిన వాళ్ల సంపాదనలో నూటికి ఇరవై తీసుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇద్దరి పనినీ ఇంటిపని మధ్య సందులో ఇరికించేశారు. ఇంట్లో ఉంది కాబట్టి అత్తగారి మందులు ఆమె చూడాలి, గ్యాసు వచ్చినా, బడి నుంచి ఫోను వచ్చినా ఆమే లేవాలి. ఇంట్లో ఉంది కాబట్టి పని ఇచ్చిన వాళ్లు రాత్రి పదకొండుకు ఫోను చేయవచ్చు. “ఫ్రీలాన్సు”లోని స్వేచ్ఛ ఎవరికి దక్కుతోందో ఆలోచించండి.

ఈ మధ్య మరో మాట వినిపిస్తోంది. “ఇదంతా ఇప్పుడు కృత్రిమ మేధే చేస్తుంది కదమ్మా, ఇంతెందుకు?” అంటున్నారు. యంత్రం పేజీ గీసి ఇస్తుంది, నిజమే. ఆ పేజీ తెరిచే స్త్రీ పక్కగదిలో ఎవరున్నారో ఆలోచించి, చిరునామా గడి తీసేయమని సంస్థతో వాదించినది మనిషే. యంత్రం పేరు చెప్పి రేటు తగ్గించేటప్పుడు, తగ్గేది ఆ ఆలోచనకు మనమిచ్చే విలువ.

చట్టం ఏమంటోంది

ఇంటిదగ్గర పనిచేసే వాళ్లను కార్మికులుగా గుర్తించాలన్న పోరాటం పాతదే. 1972లో ఇలా భట్ అహ్మదాబాదులో స్థాపించిన ‘సేవ’ సంస్థ ఇందులో ముందుంది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపట్టున చేసే పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానికి ఇంతవరకూ అంగీకార ముద్ర వేయలేదు. అయినా 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలో, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలో ‘గృహాధారిత కార్మికులు’ అనే నిర్వచనం ఉంది. యజమాని కోసం తన ఇంట్లో వస్తువులు గాని సేవలు గాని తయారుచేసే వ్యక్తి అని అందులో రాశారు. ‘సేవలు’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి. కోడు రాసే స్త్రీని కూడా ఈ మాట కిందికి తేవాలని వాదించడానికి మనకు చోటుంది. గిగ్ కార్మికులు, వేదికల మీద పనిచేసే కార్మికులు అనే మాటలు కూడా ఆ స్మృతిలో ఉన్నాయి. నిర్వచనం ఉండటం వేరు, పింఛను రావడం వేరు. ఆ దూరం తగ్గించడం మన పని.

తక్షణం ఉపయోగపడే చట్టాలు మూడు చెబుతాను.

ఒకటి, బకాయిల విషయం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ సంస్థకు, పని అందుకున్న తర్వాత ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఫిర్యాదు వినడానికి ప్రత్యేక మండళ్లున్నాయి. ఇంట్లో ఒంటరిగా పనిచేసే స్త్రీ కూడా ‘ఉద్యమ్’ కింద ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. పని మొదలుపెట్టకముందే చేసుకోవాలి. ఆ చట్టంలో కొనుగోలుదారు అంటే లాభాల కంపెనీ మాత్రమే అని లేదు. డబ్బిచ్చి సేవ పొందిన వాళ్లెవరైనా కొనుగోలుదారే. మన సంస్థలు కూడా.

రెండు, పేరు విషయం. 1957 కాపీరైటు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనల కోవలో చేర్చింది. ఉద్యోగి రాసినదాని మీద మామూలుగా యజమానికి హక్కు ఉంటుంది. ఉద్యోగి కాని వ్యక్తి రాసిన కోడు మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, రాసిన వ్యక్తిదే. ఆ హక్కును బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. డబ్బిచ్చి తీయించిన ఫొటోల విషయంలో చట్టం వేరుగా ఉంది, అది గమనించాలి. హక్కు బదిలీ అయిన తర్వాత కూడా ‘ఇది నేను రాశాను’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది.

మూడు, వేధింపుల విషయం. పని ఇచ్చిన మనిషి అర్ధరాత్రి వీడియోకాలు చేస్తే ఎవరికి చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. 2013 చట్టంలో బాధితురాలు అంటే ఉద్యోగంలో ఉన్నా లేకపోయినా అని ఉంది. పనిచేసే చోటు నిర్వచనంలో ఇల్లు కూడా ఉంది. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు ఉన్నప్పుడు జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. ఫ్రీలాన్సు స్త్రీల ఫిర్యాదులు తీసుకోమని మీ మీ జిల్లా కమిటీలను మీరు అడగాలి. అడిగేవాళ్లు లేకపోతే ఆ చట్టం ఇంటి గుమ్మం దాటి లోపలికి రాదు.

మన వంతు

మనం ఇతరుల దగ్గర హక్కులు అడిగే వాళ్లం. ఈ విషయంలో పని ఇచ్చేవాళ్లం కూడా మనమే. “ఉద్యమం కోసం కాస్త తగ్గించమ్మా” అని మనం అడిగినప్పుడు ఆమె కాదనలేదు. అదే మాట మనం కాగితం దుకాణంలో అనం, ప్రెస్సులో అనం, హాలు అద్దెకిచ్చే వాళ్లతో అనం. స్త్రీ దగ్గర, ఇంట్లో పనిచేసే స్త్రీ దగ్గర మాత్రమే అంటాం. స్వచ్ఛందంగా ఇవ్వదలచుకుంటే ఆమె ఇస్తుంది. అడిగి తగ్గించుకున్నది స్వచ్ఛందం కాదు. మాకు నిధులు ఆలస్యంగా వస్తాయి అని మీరు అనవచ్చు. నిధుల దరఖాస్తులో ప్రయాణాలకు, భోజనాలకు గడి పెడుతున్నాం. సైటు పనికి, తెలుగు మార్పిడికి, వికలాంగులకు అందేలా పరీక్షించడానికి కూడా గడి పెట్టవచ్చు.

ఈ శిబిరం ముగిసేలోగా తెలుగులో ఒకటిన్నర పేజీల నమూనా ఒప్పందం రాసుకుందామని నా ప్రతిపాదన. అందులో ఇవి ఉండాలి. పని ఎంత, సవరణలు ఎన్నిసార్లు, అంతకు మించితే గంటకు ఎంత. మూడో వంతు ముందుగా, మూడో వంతు మధ్యలో, మిగతాది పని అందిన 15 రోజుల్లో. మేటరు యూనికోడులో సంస్థే ఇవ్వాలి. లేకపోతే మార్పిడికి వేరే కూలి. ఫోను వేళలు. కోడు మీద హక్కు ఎవరిది, ఎన్నాళ్లు. సైటు అడుగున తయారుచేసిన వారి పేరు, వారు కోరితే. సంస్థ వైపు నుంచి కూడా ఒక రక్షణ ఉండాలి. సైటు చిరునామా సంస్థ పేరు మీదే నమోదు కావాలి, తాళంమాటలు సంస్థ చేతికి రావాలి. చేసినవాళ్లు ఊరు మారితే సైటు పోగొట్టుకున్న సంస్థలు మనలో ఉన్నాయి.

ఇంకొకటి. ఇలాంటి స్త్రీలు ఒకరికొకరు తెలియరు. బీడీ కార్మికురాళ్లు బీడీలు ఇవ్వడానికి వెళ్లిన చోట కలుసుకుంటారు, రేటు మాట్లాడుకుంటారు. వీళ్లకు ఆ అరుగు కూడా లేదు. పక్కవీధిలో అదే పని చేసే స్త్రీ ఎంత తీసుకుంటుందో మా మిత్రురాలికి తెలియదు. జిల్లాకొకసారి, మూడు నెలలకొకసారి వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం మన సంఘాలకు అసాధ్యమైన పని కాదు. హాలు మనకుంది. రేట్లు, బకాయిలు, నేర్చుకున్న కొత్త సంగతులు వాళ్లే మాట్లాడుకుంటారు. సంఘం అలాగే మొదలవుతుంది.

మధ్యాహ్నం చర్చలో ఒప్పందం మొదటి ముసాయిదా తీసుకుందాం. మీ సంస్థల సైట్లు ఎవరు చేశారో, వాళ్లకింకా ఎంత బాకీ ఉందో ఆలోగా కనుక్కుని రండి.